గాలి మార్పు

నాకు క్షయ వచ్చింది, తగ్గింది. క్లుప్తంగా చెప్పాలంటే అంతే. కానీ మధ్యలో జరిగింది మింగేసి ఈ రెండు ముక్కలే చెప్పుకు తిరిగితే, నన్ను ఆ గతికి తెచ్చిన మనిషిని నేనే కాపాడినట్టవుతుంది. నాకు అంత మంచితనం లేదు.

దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పింది. మందు ఒంటి వరకే పనిచేస్తుంది, మనసుకు శాంతి కావాలి, పొద్దున లేచి దేవుణ్ణి తలుచుకో, ఎవరి మీదా పగ పెట్టుకోకు, అప్పుడే మనిషి పూర్తిగా బాగుపడ్డట్టు అన్నది. ఆమె మంచి మనిషి. ఆమె చెప్పింది అబద్ధమని నేననను. కానీ పగ వదిలితే గుండె తేలికవుతుందని చెప్పేవాళ్ళను నాకొకటి అడగాలని ఉంటుంది. మీ తల మీద ఎవరైనా గొంగడి కప్పి మిరపకాయల పొగ పెట్టారా? పెట్టకపోతే జర ఆగండి. నేను చెప్పేది వినండి.

మాఘం

మాది తిరుమలగిరి అంగడికి రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు. గొర్రెలు కాసుకుని బతికే ఇల్లు. మగవాళ్ళు మంద వెంట పోతే ఆడవాళ్ళం బొచ్చు ఏకి, వడికి, గొంగళ్ళకు నూలు తీసేవాళ్ళం. ఆ ఏడాది వానలు లేక మేత దొరకలేదు. సగం జీవాలు అమ్ముడుపోయాయి. మా ఆయన యాదయ్య నందికొండ దగ్గర కట్ట కడుతున్నారని విని రాళ్ళు మోసే పనికి పోయాడు. ఇంటికి పెద్ద మా బావ కొమరయ్య, అంటే మా ఆయన అన్న.

మా బావ ఇంటికి పెద్దే కాదు, ఎల్లమ్మకు నోరు. దేవత ఒంటి మీదికి వచ్చి ఊగడాన్ని మావైపు శిగం అంటారు. బావకు శిగం వచ్చేది. ఎద్దు తప్పిపోయినా, పసిపిల్లకు జ్వరం తగ్గకపోయినా మా కులపోళ్ళు ఆయన దగ్గరికే వచ్చి తల్లిని అడిగేవారు. నేనూ నమ్మాను. ఆయన ఊగుతుంటే నా ఒళ్ళు జలదరించేది. ఆయన కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసిన చేతులు ఇవే.

మా ఇంటి వెనక ఎల్లమ్మ గుడిసె ఉంది. శుక్రవారం పొద్దున దాన్ని అలికి, ముగ్గు వేసి, దీపం పెట్టే పని నాది. అత్తగారింట్లో నాదని చెప్పుకునే జాగా ఏదైనా ఉందంటే ఆ దీపం ముందరి మూరెడు నేలే. అక్కడ కూర్చుంటే నాకు పిల్లలు లేరన్న సంగతి కూడా గుర్తుకొచ్చేది కాదు. ఎల్లమ్మతో నోటికొచ్చింది మాట్లాడేదాన్ని. ఆమె వింటుందని నాకు అనుమానమే ఉండేది కాదు.

అంతకుముందు ఆ దీపం మా యారాలు పోశవ్వది. బావ పెళ్ళాం. నన్ను చెల్లె లెక్క చూసుకున్నది. మూడేళ్ళ కిందట దగ్గి దగ్గి ఎండిపోయింది. గాలి సోకిందన్నారు. దయ్యం పట్టడాన్ని మేము గాలి అంటాం. బావ శిగమూగి పొగ పెట్టమన్నాడు. పెట్టారు. నెల తిరగకుండా పోయింది. ఆ రోజు కుంపటిలో మిరపకాయలు వేసింది నేనే. ఈ ముక్క రాయకుండా పోనిస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ ముందు ముందు దీనితో పని ఉంది.

మాఘమాసంలో నాకు దగ్గు మొదలైంది. బొచ్చు ఏకేవాళ్ళకు దగ్గు రావడం వింత కాదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం కాగానే ఒళ్ళు వెచ్చబడేది. రాట్నం ముందు కూర్చుంటే వీపులో ఎవరో దబ్బనంతో పొడిచినట్టుండేది. గాజులు మోచేతి దాకా జారిపోవడం మొదలైంది. ఒకరోజు ఉమ్మిలో నెత్తురు గీత కనిపించింది. కాలితో మట్టి కప్పి, ఎవరికీ చెప్పకుండా పనిలో కూర్చున్నాను.

ఫాల్గుణం

నా దగ్గు సంగతి ఎవరి నోటనో విని మా ఆయన మనిషి చేత కబురు పంపితే బావ నన్ను మా తాలూకా పేట దవాఖానకు తీసుకుపోయాడు. ఇష్టం లేకుండానే పోయాడు. ఈనే గొర్రెలను వదిలి రావలసి వచ్చిందని దారంతా గొణిగాడు.

దవాఖాన అరుగు మీద పొద్దున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నేను దగ్గడం మొదలుపెడితే బల్ల మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి గోడకు నిలబడ్డారు. బావ కూడా లేచి బీడీ తాగే వంకన గేటు దాకా పోయాడు. ఒక తురకామె మాత్రం జరగలేదు. ఒళ్ళో బిడ్డతో ఉండి కూడా జరగలేదు. తన గిలాసలో నీళ్ళు పోసి నాకిచ్చింది.

"ఫికర్ జెయ్యకు అక్కా. నా తమ్మునికి గూడ గిట్లనే ఉండె. ఇప్పుడు మంచిగున్నడు, దుకాణం నడుపుతుండు" అన్నది.

ఆమె పేరు కూడా అడగలేదు నేను. నెత్తురు తుడుచుకున్న నా చేతిలో నుంచి గిలాస తీసుకుని, బిడ్డకు అందకుండా సంచిలో పెట్టుకున్నది. ముఖం మాత్రం చిట్లించలేదు. ఆ ఏడాదిలో నన్ను మనిషిలాగా చూసిన మొదటి మనిషి ఆమె.

డాక్టరు కోస్తా నుంచి వచ్చినాయన. గొట్టం పెట్టి నా వీపంతా విన్నాడు. నన్ను బయట కూర్చోబెట్టి బావను లోపల ఉంచుకున్నాడు. మధ్యలో ఒక గుడ్డ తెర. ఆయన మాట వేగం, యాస వేరు. నాకు సగం అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే మాట. గాలి. "గాలి మార్పు", "గాలి తగలాలి" అంటున్నాడు. సూది మందులు పొడిచే డాక్టరు కూడా గాలి అంటున్నాడంటే ఇంకేమున్నది?

బావ బయటికి వచ్చాడు. ముఖం నల్లబడిపోయింది. మడిచిన కాగితమొకటి రుమాలులో కట్టుకుంటున్నాడు. మావైపు ఆడవాళ్ళం బావతో ఎదురుపడి మాట్లాడం. కొంగు ముందుకు లాక్కుని తల వంచుకుని నిలబడ్డాను.

"ఏం లేదు. డాక్టరు గూడ గాలే అన్నడు. ఇన్నవు గద?" అన్నాడు.

నేను విన్నాను మరి. నా చెవులతోనే విన్నాను. అదే కదా నా ఖర్మ.

చైత్రం

ఉగాది తెల్లారి శుక్రవారం బావకు శిగం వచ్చింది. జమిడిక మోగుతోంది. కులపోళ్ళందరూ వచ్చారు. బావ వేపమండలు పట్టుకుని ఊగి ఊగి నా ముందుకొచ్చి ఆగాడు.

"గీ పిల్ల మీద పోశవ్వ ఉన్నది! ఎట్ల దగ్గుకుంట పోయిందో గట్లనే దగ్గుతాంది, సూస్తలేరా? పోశవ్వే గాలై పట్టింది. పొగ బెట్టున్రి!"

అందరూ నోళ్ళు తెరిచారు. నిజమే కదా, అదే దగ్గు, అదే నెత్తురు, అదే ఎండిపోవడం. ఒకే రోగం ఇద్దరికి వస్తే అట్లాగే ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నన్ను చెల్లె లెక్క చూసుకున్న మనిషి దయ్యమై నన్ను పీక్కుతింటోందని నమ్మాను. అంతకంటే నీచం ఉంటుందా? చచ్చిపోయినామె నోరు తెరిచి చెప్పుకోలేదు.

తల మీద గొంగడి కప్పారు. కింద కుంపటి పెట్టారు. ఇద్దరు నా భుజాలు అదిమి పట్టారు. మొదటి ఊపిరికే గొంతులో నిప్పు పడ్డట్టయింది. రెండో ఊపిరి తీసుకోవద్దనుకున్నాను కానీ ఒళ్ళు వినదు, తీసుకుంది. "ఎవలు నువ్వు? చెప్పు! పోతవా పోవా?" అని బావ గొంతు. "పోశవ్వను, పోతున్న, పోతున్న" అని అరిచాను. పొగ ఆపితే చాలని అరిచాను. దాంతో అందరికీ రుజువు దొరికింది. గొంగడి తీసేసరికి నా ముందు నేల మీద నెత్తురు ముద్ద పడి ఉంది. గాలి పోయిన గుర్తు అన్నారు.

అట్లా మూడు శుక్రవారాలు.

తర్వాత నన్ను గొర్రెల కొట్టంలోకి మార్చారు. కంచం వేరు, చెంబు వేరు. గాలి పట్టినది దేవుని మూల తాకకూడదు గనుక దీపం పక్కింటి పిల్లకు అప్పగించారు. కొట్టం తడక సందులోంచి ఎల్లమ్మ గుడిసె కనిపించేది. శుక్రవారం పొద్దున ఆ పిల్ల వచ్చి, అలక్కుండానే దీపం పెట్టిపోయేది. నాకు దగ్గు కంటే, జ్వరం కంటే అదే పెద్ద బాధ. తల్లీ, నేనేం తప్పు చేశాను అని అడిగేదాన్ని. అంతకుముందు అడిగితే ఏదో ఒక జవాబు నా లోపల వినపడేది. ఇప్పుడు ఏమీ వినపడలేదు. తల్లి నన్ను విడిచిపెట్టిందని అనుకున్నాను. రోగమొచ్చిన మనిషి మందు లేకపోయినా కొన్నాళ్ళు బతుకుతుంది. దేవుడు కూడా లేడనిపిస్తే చావడానికి ఎక్కువ రోజులు పట్టదు. నేను చావుకు సిద్ధమయ్యాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి గొర్రెలు తప్ప ఎవరున్నారు గనుక.

ఆషాఢం

బోనాలకని మా ఆయన వచ్చాడు. నన్ను కొట్టంలో చూసి మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక నన్ను గొంగడిలో చుట్టి భుజాన వేసుకుని బండి దాకా నడిచాడు.

"యాదయ్యా, గాలి పట్టినదాన్ని పొలిమేర దాటియ్యకురా, నీకు సోకుతది" అని బావ వెనక నుంచి అరిచాడు.

"సోకనియ్యి" అన్నాడు మా ఆయన. నేను అతన్ని పెళ్ళాడి పదేళ్ళయింది. ఆ మాటతో మొదటిసారి పెళ్ళయినట్టనిపించింది.

పేట దవాఖానలో అదే డాక్టరు. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఈమెకి నాలుగు నెలల కిందటే చీటీ రాసిచ్చాను కదండీ! క్షయ అని చెప్పి పట్నం పంపించమన్నాను. గాలి మార్పు లేకపోతే బతకదని మరీ మరీ చెప్పాను. చీటీ మీ అన్నగారి చేతికే ఇచ్చాను. ఏం చేశారు?"

గాలి మార్పు. అంటే ఊరి దుమ్ము, బొచ్చు, పొగ వదిలి మంచి గాలి ఉన్న చోటికి పోవడం. అదీ ఆ మాటకు అర్థం. గాలి కావాలని డాక్టరు చెబితే గాలి పట్టిందని నా ఊపిరిని పొగతో కాల్చారు. పొరపాటున అయితే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ ఆ చీటీ, మా మాటలో చిట్టి, దాని సంగతి పొరపాటు కాదు. రుమాలులో కట్టుకున్న ఆ కాగితం నా కళ్ళ ముందు కదిలింది.

ఆ క్షణంలో నా లోపల ఒకటి లేచి కూర్చున్నది. మూడు నెలలుగా చావు కోసం చూస్తున్న మనిషిని, నాకు బతకాలనిపించింది. బతికి మా బావ ఎదుట నిలబడాలనిపించింది. మందు తర్వాత మొదలైంది. నాకు ప్రాణం పోసింది ముందు ఇదే.

గుట్ట మీద ఏడాదిన్నర

పట్నం అవతల గుట్ట మీద క్షయ దవాఖాన. పొడుగాటి వసారాలు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండేవి. అక్కడ గాలికి కొదవ లేదు. సూదులు, బిళ్ళలు, పాలు, గుడ్డు, పడుకోవడం. మాట్లాడొద్దు, నవ్వొద్దు, పాడొద్దు, ఊపిరితిత్తికి విశ్రాంతి కావాలి అనేవారు. మొదటి ఆరు నెలలు అట్లాగే పోయాయి.

నా పక్క మంచం నారాయణపేట నేతింటి అవ్వది. జరీ అంచు చీరెలు నేసిన చేతులు, ఎముకలై మిగిలాయి. భజన మఠంలో అక్షరాలు నేర్చుకున్నదట. నాకు పలక మీద రాసి నేర్పింది. మాట్లాడవద్దన్నారు గనుక మా ముచ్చట్లు కొన్నాళ్ళు పలక మీదే నడిచాయి. పొద్దున లేచి ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి తీస్తూ ఒకసారి, విడుస్తూ ఒకసారి పెదవి కదలకుండా దేవుని పేరు తలుచుకునేది. నన్నూ అట్లా చెయ్యమన్నది. మందు రొమ్ముకు, ఇది లోపలికి అన్నది.

నేనూ కళ్ళు మూసుకున్నాను. ఊపిరి తీస్తూ కొమరయ్య అన్నాను. విడుస్తూ కొమరయ్య అన్నాను. నాకు వచ్చిన పేరు అదే. ఎల్లమ్మ పేరు తలుద్దామంటే వెంటనే బావ గొంతు వినపడేది, తల్లి గొంతుగా నేను ఎప్పుడూ విన్నది ఆయన గొంతే కదా. ఏడాదిన్నర అదే జపం. పలక మీద నేను తప్పు లేకుండా రాసిన మొదటి పేరు కూడా కొమరయ్యే. అవ్వ చూసి మీ ఆయనా అని అడిగింది. కాదని జరిగిందంతా చెప్పాను.

"పొద్దుగాల లేసి ఎవల పేరు తలుస్తవో గాయినె నీ దేవుడు బిడ్డా. గట్లాంటోన్ని దేవుణ్ణి జేసుకుంటవా?"

"చేసుకుంట అవ్వా. నా దేవుడు నా చేతిల పడాలె, గంతే."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. కోపం చెయ్యకు, కోపానికి గూడ ఊపిరి ఖర్చయితది అన్నది.

అవ్వ ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. చూడటానికి రాని కొడుకులను కూడా అనలేదు. చలికాలంలో ఒక ఉదయం నేను లేచేసరికి ఆమె పరుపు చుట్టి ఉంది. పలక నా తలాపున పెట్టి ఉంది. ఎవరినీ తిట్టని మనిషి పోయింది. రోజూ తిట్టుకున్న నేను బతికాను. మనశ్శాంతి ఉంటే ఆయుస్సు పెరుగుతుందని చెప్పేవాళ్ళెవరైనా నాకు దీన్ని విప్పి చెప్పాలి. అయినా ఒక మాట ఒప్పుకుంటాను. ఆమె పక్కన ఉన్నన్ని రోజులూ నాకు నిద్ర బాగా పట్టేది. ఆమె పోయాక మళ్ళీ పట్టలేదు.

మళ్ళీ ఇల్లు

ఉమ్మి శుభ్రంగా ఉందని, రొమ్ముకు తీసిన ఫోటోలో మచ్చలు మానాయని చెప్పి పంపించారు. గాజులు మళ్ళీ మణికట్టు దగ్గర ఆగాయి. ఊళ్ళో దిగితే ఆడవాళ్ళు చుట్టూ చేరారు గానీ ఎవరూ తాకలేదు. నేను తిన్నగా ఎల్లమ్మ గుడిసె వైపు నడిచాను. బావ అడ్డం వచ్చాడు. నా వైపు చూడకుండా తమ్ముడితో అన్నాడు.

"దవాఖానోళ్ళు రోగం తీసిన్రేమో. గాలి పోయిందని ఎవలు చెప్పిన్రు? తల్లి చెప్పాలె. తల్లి చెప్పేదాక దీపం ముట్టొద్దు."

"చిట్టి ఏం జేసినవే అన్నా?" అని మా ఆయన అడిగాడు.

"చిట్టి లేదు గిట్టి లేదు. డాక్టరు అబద్ధమాడుతుండు."

తల్లి చెప్పాలి. తల్లికి నోరు ఆయన. ఆయన ఎన్నడు చెబుతాడు? మా ఆయన వేరు పడదాం, నందికొండ పోదాం అన్నాడు. నేను రానన్నాను. నాకు కావలసింది ఎక్కడో పాక కాదు. ఆ మూరెడు నేల. అక్కడ నన్ను కూర్చోనిస్తే గాని నాకు బాగుపడ్డట్టు కాదు. ఒంట్లో రోగం పోయింది, ఆ గుమ్మం ముందు మాత్రం నేనింకా దయ్యం పట్టినదాన్నే.

ఒక మధ్యాహ్నం మగవాళ్ళు మంద వెంట పోయారు. పక్కింటి పిల్ల అంగడికి పోయింది. నేను దొంగలాగా గుడిసెలో దూరాను. నా దీపం నేను దొంగతనంగా పెట్టుకోవాల్సి వచ్చింది. దీపపు కుంది కోసం పసుపు గంప జరిపితే దాని కింద మడిచిన కాగితం కనిపించింది. పసుపు అంటి అంచులు చెదలు తిన్నాయి. ఆయన దాన్ని చించలేదు. అక్షరమున్న కాగితాన్ని మావాళ్ళు పొయ్యిలో వెయ్యరు, కాలితో తొక్కరు. తెచ్చి తల్లి కింద దాచాడు.

ఒకవైపు ఇంగ్లీషు. రెండో వైపు, ఇంట్లో ఎవరైనా చదువుకుంటారని కాబోలు, తెలుగులో రెండు ముక్కలు. కూడబలుక్కుని చదివాను. "ఆలస్యం చేయవద్దు. పొగ తగలనివ్వవద్దు."

పొగ తగలనివ్వవద్దు. బావకు చదువు రాదు. ఎవరి చేతనైనా చదివించుకోవచ్చు కదా? చదివించుకోలేదు. కాగితాన్ని ఎప్పటిలాగే గంప కింద పెట్టి, దీపం పెట్టకుండా బయటికి వచ్చాను. నాకు పండుగ దాకా ఆగడం వచ్చు. దవాఖానలో అందరికంటే బాగా నేర్చుకున్నది అదే.

ఎల్లమ్మ పండుగ

ఎండ నడినెత్తికి వచ్చింది. డప్పులు, జమిడిక. కులమంతా గుడిసె ముందర ఉంది. నేను దూరంగా కొట్టం తడక దగ్గర నిలబడ్డాను. బావ ఒంటికి పసుపు పూసుకుని వేపమండలు చేతికి తీసుకున్నాడు. ఆయన భుజాలు అదరడం మొదలయ్యాయి.

ఆయన కంటే ముందు నేను ఊగాను.

జుట్టు విప్పుకుని జనం మధ్యకు దూకాను. అందరూ వెనక్కు జరిగారు. ఆయనను పదేళ్ళు చూసినదాన్ని, ఎట్లా ఊగాలో, ఎక్కడ పళ్ళు కొరకాలో నాకు తెలియనిదా? కులపెద్ద ముసలాయన ముందుకొచ్చి తల్లి ముందు సాక నీళ్ళు ధార పోస్తూ అడిగాడు.

"ఎవలమ్మా నువ్వు?"

"గీ ఇంటి ఎల్లమ్మను రా! నా దీపం బెట్టే బిడ్డను గొర్ల కొట్టంల ఎవలు పండబెట్టిన్రు?"

ఆడమనిషికి గాలి పట్టి వేషాలు వేస్తోందని ఎవరో అన్నారు. నిజమైన శిగమో కాదో తేల్చడానికి మావైపు అరచేతిలో కర్పూరం వెలిగిస్తారు. తల్లి ఉంటే చెయ్యి కాలదని నమ్మకం. ముసలాయన నా కుడి అరచేతిలో కర్పూరం పెట్టి ముట్టించాడు. నేను ఆ మంటను చూస్తూ ఊగాను. మాంసం కాలుతున్న వాసన నాకు వచ్చింది. మిరపకాయల పొగలో గడిచిన ఆ మూడు శుక్రవారాలు గుర్తు చేసుకున్నాను. ముఖం మీద ఒక్క గీత కదలనివ్వలేదు. చివరికి మంట మీదే పిడికిలి మూసి బావ వైపు తిరిగాను.

"కొమరయ్యా! నా పసుపు గంప కింద ఏం దాసిపెట్టినవ్ కొడుకా?"

బావ చేతిలోంచి వేపమండలు జారిపోయాయి. ఆయన లెక్కలో ఆ చోటు ఆయనకు తప్ప నరమానవుడికి తెలియదు. నిలబడ్డచోటే కూలిపోయి నా కాళ్ళు పట్టుకున్నాడు.

"తప్పయింది తల్లీ. డాక్టరు గాలి సోకిందనలే. క్షయ అన్నడు. గాలి మార్పు గావాలన్నడు. చిట్టి రాసిచ్చి పట్నం తోలుమన్నడు. నాకు గాలి అన్న మాట ఒక్కటే ఇనాలనిపిచ్చింది."

"ఎందుకురా?"

"నా పోశవ్వ గూడ గిట్లనే దగ్గింది గద తల్లీ. గీ పిల్లది రోగమైతే గామెది గూడ రోగమే గద. మరి నేను బెట్టిచ్చిన పొగ?" ఆయన తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. "నువ్వే చెప్పు తల్లీ. నీ కాల్మొక్త. నా పోశవ్వది గాలా, రోగమా?"

డప్పులు ఆగిపోయాయి. నేను రెండేళ్ళు కత్తి నూరుకుంటూ వచ్చాను. తీరా వస్తే నా కత్తి కంటే పెద్దది ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు దారులున్నాయి. తల్లి దిగిపోయినట్టు కింద పడిపోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. దయ తలిచి గాలే అని ఒక్క మాట అనవచ్చు. నా పనైపోయింది, నా నిజం ఆయన నోటితోనే బయటపడింది. ఆ మాట అనవలసిన అవసరమే లేదు.

"రోగమే" అన్నాను. "నీ పొగనే దాన్ని తీస్కపోయింది కొడుకా. అది దయ్యం కాలేదు. దాని పేరు చెడగొట్టింది నువ్వు."

ఆయన పెట్టిన కేక మనిషి కేక లాగా లేదు. నేలకు తల కొట్టుకున్నాడు. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. నాకు జాలి కలగలేదు. కడుపు నిండినట్టనిపించింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ రోజు కుంపటిలో మిరపకాయలు వేసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ తల్లి చెప్పలేదు.

ఇప్పుడు

ఆ సాయంత్రమే గుడిసె అలికి నా చేత్తో దీపం పెట్టాను. మరుసటి ఆషాఢంలో బోనమెత్తితే ఊరంతా నాకు దారి ఇచ్చింది. శుక్రవారాలు మళ్ళీ నావయ్యాయి. బావకు తర్వాత ఎన్నడూ శిగం రాలేదు. మంద వెంట ఒక్కడే పోతాడు, ఒక్కడే వస్తాడు. చుట్టుపక్కల ఎవరైనా దగ్గుతున్నారని వింటే మాత్రం పోయి వాళ్ళింటి ముందు కూర్చుంటాడు, పేట దవాఖానకు కదిలేదాకా లేవడు. జనం ఇప్పుడు నా దగ్గరికి వచ్చి తల్లిని అడగమంటారు. నాకు రాదని పంపిస్తాను.

ఈ రోగం మీ ఇంట్లోకి వస్తే చెప్పేది ఒక్కటే. డాక్టరు మాట తెర వెనక నుంచి వినకండి, ఎదురుగా నిలబడి వినండి, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించుకోండి. చిట్టి ఇస్తే మీ చేతిలోనే ఉంచుకోండి. ఇక లోపలి ఆరోగ్యం సంగతి చెప్పమంటే, నాకు చెప్పే అర్హత లేదు. ఏటా ఒకసారి దవాఖానకు పోతాను. డాక్టరు గొట్టం పెట్టి విని ఊపిరి శుభ్రంగా ఉందమ్మా అంటాడు. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుంటాను. నేల అదే, కుంది అదే. ఎల్లమ్మతో నోటికొచ్చింది మాట్లాడబోతాను, మాట రాదు. ఆమె పేరు పెట్టుకుని బావ ఆడింది ఒక ఆట, నేనాడింది ఒక ఆట. ఊపిరి తీస్తూ, విడుస్తూ ఆమె పేరే తలుద్దామని కూర్చుంటే, ఇప్పటికీ నాలుక మీదికి ముందు కొమరయ్య పేరే వస్తుంది.

ఈ మధ్య బావ నాతో ఎదురుపడి మాట్లాడుతున్నాడు, ముసలితనం వచ్చింది. మొన్న శుక్రవారం నేను ఒత్తి వెలిగిస్తుంటే గుమ్మం బయట వచ్చి కూర్చున్నాడు.

"లచ్చవ్వా, ఒక్క మాట అడుగుత. గా దినం తల్లి నిజంగనే నీ మీద ఉన్నదా?"

ఇదివరకు కూడా ఆయన నాలుగైదుసార్లు అడిగాడు. లేదు బావా, ఊగింది నేనే అని చెబితే, పోశవ్వది గాలేనేమో అనుకుని ఆ ముసలాయన ఒక్క పూటైనా కంటినిండా పడుకుంటాడు. నా కుడి అరచేతిలో రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఉంది. తల్లి ఉన్న చెయ్యి కాలదు.

నేను పిడికిలి మూసుకున్నాను.

"ఉన్నది బావా" అన్నాను.